మూడు దండల చక్కెరకేళి

ఒకప్పుడు అరటిపండు నిండా గింజలే. ఒక్కోటి శనగగింజంత, రాయిలా ఉండేది. కోతి పన్నొకటి అక్కడే విరిగింది. పుట్టుకతోనే లేదని అది చెప్పుకునేది.

ఆ రోజుల్లో ప్రతి మొక్క ఒంట్లోనూ రెండు పూసల దండలుండేవి. ఆకు ఎంత వెడల్పు, పండు ఎంత తీపి, అన్నీ ఆ పూసల్లోనే ఉండేవి. గింజ కట్టేటప్పుడు తల్లి తన దండల్లో సగం, అంటే ఒకటి ఇవ్వాలి. తండ్రి ఒకటి ఇవ్వాలి. అదీ ఆచారం.

అడవి అరటమ్మకు మాత్రం బిడ్డంటే అతిముద్దు. "ఒక్క దండ నా చిట్టితల్లికి ఏ మూలకు?" అని తన రెండూ ఇచ్చేసింది. తండ్రిది ఒకటి. వెరసి మూడు.

ఆ బిడ్డే చక్కెరకేళి. ఏపుగా పెరిగింది. "మా కాలంలో ఇంత ఒళ్లు ఎరగమమ్మా" అంది పక్కనున్న బొప్పాయి పిన్ని. ఆవిడకు మెడ నుంచి నడుం దాకా కాయలే. అయినా అంది.

గెల వేసే వేళ వచ్చింది. అరటి ఒక్కసారే గెల వేస్తుంది, ఆపైన పోతుంది. ఆలోగా గింజ కట్టాలి. చక్కెరకేళి దండలు తీసింది. రెండులో సగం ఒకటి. మరి మూడులో సగం? ఇటు పెడితే అటు తక్కువ. తెంపితే పూసలు చెల్లాచెదురు. కట్టబోయిన గింజలన్నీ నల్ల చుక్కలై మాడిపోయాయి.

"పిన్నీ, నేను పోతే నా వెనక ఎవరూ ఉండరా?"

"నా గింజల్లో ఓ వంద తీసుకో. మొలిచేది బొప్పాయే అనుకో."

ఒక్కో కాయ పండుతుంటే చక్కెరకేళి మిగిలిన రోజులు దిగులుగా లెక్కపెట్టుకుంది.

అప్పుడు మట్టిలోంచి అల్లం అవ్వ గొణిగింది. ఆవిడ గడప దాటదు, లోకం సంగతులన్నీ ఆవిడకే తెలుసు. "పంచడం దేనికే? నేనెప్పుడైనా పంచానా? అచ్చం నీ దండల్లాంటివే మూడు అల్లి, దుంపలోంచి పక్కకు తోసెయ్."

"అలాగైతే బిడ్డ ముమ్మూర్తులా నేనే అవుతుంది. నాకు పట్టే తెగులు దానికీ పడుతుంది కదవ్వా."

"పడుతుంది. అసలు బిడ్డే లేకపోతే బాగుంటుందా?"

చక్కెరకేళి వణుకుతూనే అల్లింది, వణుకుతూనే తోసింది. గెల బరువుకు ఒరిగిపోతుంటే మొదలు పక్కన మట్టి పగిలింది. చుట్ట చుట్టుకున్న ఆకొకటి తల బయట పెట్టింది.

అప్పటినుంచే మనం తినే అరటిపండులో గింజల్లేవు, నల్ల చుక్కలే. తల్లి పోయేలోగా పక్కన పిలక లేస్తుంది. అది అచ్చం తల్లే, తల్లి దిగులుతో సహా. అందుకే ఒక్క చెట్టుకు తెగులు తగిలితే తోటంతా గజగజలాడుతుంది.