నూట ఇరవై ఒక్క పళ్ళ బెల్టు

ఆ గోదావరి లంకలో బుర్రున్నవాడెవడని అడిగితే పోతురాజు తన తమ్ముడు గంగుల్ని చూపించేవాడు. గంగులు అన్నని చూపించేవాడు. మూడోవాణ్ణి ఎవరూ అడగలేదు కాబట్టి ఆ మాట ఖాయమైపోయింది.

ఆ బుర్రలతోనే ఒక పాత కారు ఇంజను కిందిభాగం, ఇంకో కారుది పైభాగం తెచ్చి బిగించి, పడవకో ఇంజను తయారుచేశారు. గవరమ్మ పిన్నివి నలభై అరటిగెలలు గురువారం మూడింటికి అవతలి గట్టున లారీకి అందాలి. అందకపోతే ఆమె ఏడాది కష్టం మేకలపాలు.

“మా ఇంజను పడవలోనే దాటిస్తాం పిన్నీ. మాటంటే మాటే!” అన్నారిద్దరూ.

పై చక్రాన్నీ కింది చక్రాన్నీ కలిపి తిప్పే, లోపల పళ్ళున్న రబ్బరు టైమింగ్ బెల్టు ఒక్కటే తక్కువ. తెడ్డేసుకుని అవతలి గట్టుకెళ్ళి, స్పేరు పార్టులు అమ్మే జిలానీ సాయిబుని అడిగారు.

“రెండు కార్లు కలిపారు కదా బాబూ, కారు పేరు చూసి బెల్టివ్వలేను. బెల్టు నడిచే దారెంట తాడు చుట్టి, కొలత తెండి” అన్నాడాయన.

“రబ్బరు బెల్టుకి నూలుతాడు కొలతేంట్రా? సాయిబుకి తెలీదు పాపం” అన్నాడు పోతురాజు. అంతే, సైకిలు ట్యూబు చీల్చి, చక్రాల చుట్టూ సాగదీసి, సరిగ్గా సరిపోయాక విప్పి జేబులో పెట్టుకున్నారు. కొట్లో తీసేసరికి అది జానెడుంది.

“ఇది ఇంజనుకా, చేతిగడియారానికా?”

“మీరూ లాగండి సాయిబుగారూ. మేం లాగాం కదా!”

ఆయనో కొస, గంగులో కొస లాగారు. గంగులు చెయ్యి జారింది. ఇంకేముంది, సాయిబు ముక్కు వంకాయంత అయింది.

ఆయన ముక్కు పట్టుకునే చక్రాల వివరాలడిగి, లెక్కకట్టి, రెండు బెల్టులిచ్చాడు. “వీటిమీద అంకెలు చెరిగిపోయాయి. పళ్ళు లెక్కపెట్టుకోండి. నూట ఇరవై ఒకటున్నది మీది. రెండోది వెనక్కి తెచ్చివ్వండి.”

ఇంటికొచ్చి గంగులు లెక్క మొదలెట్టాడు. పొద్దెక్కింది.

“ఎంతదాకా వచ్చిందిరా?”

“రెండువేల నలభై అన్నయ్యా. ఇంకా చివర రాలేదు.”

“చివర లేకపోతే ఎలా వస్తుందిరా? ముందు చివర పెట్టాలి!” అంటూ పోతురాజు గెలలు కోసే కత్తితో బెల్టుని ఒక్క వేటేశాడు. లెక్కపెడితే సరిగ్గా నూట ఇరవై ఒకటి! ఇద్దరూ కావలించుకున్నారు. తొందరపడకూడదని రెండోదాన్నీ నరికి చూశారు. నూట పందొమ్మిది. “ఇది మనది కాదు. సాయిబుకి ఇచ్చేద్దాం.”

వాళ్ళు మళ్ళీ పడవెక్కుతుంటే గట్టు మీంచి గవరమ్మ అరిచింది. “ఖాళీ పడవ ఎన్నిసార్లు తోలతార్రా! నా గెలలెక్కించండి!”

“తెడ్డేసి సరుకు దాటిస్తే ఇంజను పడవ పరువేం కావాలి పిన్నీ?”

తెగిన బెల్టు తిరిగిస్తుంటే సాయిబు నెత్తి బాదుకున్నాడు. “అయ్యా, ఇంజనే ఇక్కడికి తెండి. నేనే బిగిస్తాను.”

గురువారం ఇంజను పడవలో పెట్టుకుని తెడ్డేసుకుంటూ వచ్చారు. సాయిబు కొత్త బెల్టు వేశాడు. ఇంజను గర్జించింది! “తిరిగేకొద్దీ ఇది అరుగుతుంది. నడుస్తుండగా తెగిందో, లోపలంతా పాడైపోద్ది. జాగ్రత్త” అని చెప్పి పంపాడు.

“తిరిగితే అరుగుతుందటరా!” అన్నాడు పోతురాజు. పడవ కట్టిన రేవుకి రాగానే బెల్టు ఊడదీసి, తువ్వాల్లో చుట్టి, గంగులు చొక్కా లోపల దాచుకున్నాడు. ఇక జన్మలో అరగదు!

తల తిప్పితే లారీలో నలభై గెలలు. వీళ్ళని నమ్మలేక గవరమ్మ చేపలవాళ్ళ పడవలో దాటించేసి, టీ తాగడానికెళ్ళింది.

“అన్నయ్యా! మన పడవలోనే దాటిస్తామన్నాం కదా. మాట పోయింది!”

“ఎక్కడికి పోతుంది? మనం లేమూ?”

అంతే, గెలలన్నీ దింపి పడవలోకెక్కించారు. గవరమ్మ తిరిగొచ్చేసరికి లారీ ఖాళీ. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. నడిగోదాట్లో పడవ లంకవైపు పోతోంది.

“ఓరి మీ బుర్రలు మండ! గెలలెక్కడికిరా?”

“కంగారుపడకు పిన్నీ!” పోతురాజు తెడ్డెత్తి ఊపాడు. “అక్కడికి తీసుకెళ్ళి, ఇంజను పడవలో దాటించుకొచ్చేస్తాం!”