సింగరాచారి ముద్ర

రండమ్మా, రండయ్యా! ఆ వాగ్దేవికి దణ్ణం పెట్టుకుని ఇలా దగ్గరగా కూర్చోండి.

వెనకటికి సింగరాచారి అని ఓ వీణల వడ్రంగి ఉండేవాడు. ఆయన పోయాక ఆయన వీణల మీద కొట్టే పేరు ముద్రను ధర్మలింగం అనే వర్తకుడు దాయాదుల దగ్గర కొన్నాడు. నాసిరకం వీణల మీద ఆ ముద్ర కొట్టి అమ్ముతూ, సింగరాచారి దగ్గరే పని నేర్చిన ఆయన కూతురు గౌరాంబను ఇక వీణలు చేయనివ్వొద్దని కొలువులో ఫిర్యాదు చేశాడు.

"ముద్ర నాది ప్రభూ! ఇక సింగరాచారిని నేనే!"

"అలాగే నాన్నగారూ," అంటూ గౌరాంబ చేతులు జోడించింది. "వీణ మెట్లను పట్టి ఉంచే మైనం ఎండకు కరిగి అవి కదిలితే, నా ముద్ర ఉన్న వీణను నేనే బాగుచేస్తానని సింగరాచారిగా మీరు ఊరందరికీ మాటిచ్చారుగా. ఇదిగో మీ ముద్ర ఉన్న ఆస్థాన విద్వాంసుడి వీణ. మెట్లు నిలబెట్టండి, మీ కూతుర్ని, మైనం నేను కాచిస్తాను."

ధర్మలింగం వీణకు దూరంగా రెండడుగులు వెనక్కి వేశాడు. "నేను కొన్నది పేరే ప్రభూ, పనితనం కాదు!"

గౌరాంబే కూర్చుని, చెవితో శ్రుతి చూసుకుంటూ, సాయంత్రానికల్లా ఇరవైనాలుగు మెట్లూ నిలబెట్టింది. విద్వాంసుడు వీణ మీటగానే కొలువంతా లేచి నిలబడింది. రాజుగారు ధర్మలింగం దగ్గర ముద్ర తీసుకుని ఆమెకే ఇవ్వబోయారు.

"వద్దు ప్రభూ. అది నాన్న చేసిన వీణల మీదే ఉండనివ్వండి. నా వీణల మీద గౌరాంబ అని కొడతాను."

తండ్రి పేరు చేతికందినా, ఆ తల్లి తన పనికి తన పేరే పెట్టుకుంది. ఆ ఒక్క పని గుర్తుంచుకోండి నాయనా, ఇంటికెళ్లి పిల్లలకూ చెప్పండి.