బ్యాటరీతో చోకును పరీక్షించిన గవరయ్య

అనగా అనగనగా, చీరలు నేసే ఒక ఊళ్ళో పేరిందేవి అని ఒకావిడ ఉండేది. ట్యూబులైట్లకి చోకులు చుట్టేది. ఇనప రేకుల మీద రాగితీగ, ఒక్కో చోకుకి లక్ష చుట్లు. సరేలే, వెయ్యి. నువ్వేమన్నా లెక్కపెట్టావా, పడుకో.

ఆ ఊళ్ళోనే మగ్గాల షెడ్డు గవరయ్య ఉండేవాడు. వాడి మీసాలు పట్టుకుని ఇద్దరు పిల్లలు ఉయ్యాలూగచ్చు. "చోకు కరెంటుకి అడ్డుపడాలి కదా, ఈవిడది పడుతుందో లేదో చూస్తా" అన్నాడు. టార్చిలైటు బ్యాటరీ తెచ్చి చోకుకి తగిలించి, చివర చిన్న బల్బు పెట్టాడు. బల్బు శుభ్రంగా వెలిగింది.

అప్పుడు వాడు ఊరంతా తిరిగి, "పేరిందేవి చోకులు దేన్నీ ఆపవు, అంతా మోసం" అని చాటాడు. పెద్దలు తలలూపి, రేపటికల్లా కొట్టు మూసెయ్యమన్నారు. ఆవిడ్ని ఒక్క మాట అడిగారా? లేదు. ఇప్పుడు చెబుతున్నా నాకు ఒళ్ళు మండుతోందే తల్లీ.

ఆ తర్వాత గవరయ్య షెడ్డులో చోకులన్నీ పీకించి, ట్యూబులైట్లకి తిన్నగా కరెంటిచ్చాడు. మొదటిది టప్పుమని మాడింది. రెండోదీ మాడింది. మూడోది మాడిన చప్పుడుకి పక్కూళ్ళో గేదె ఈనింది. "ఇదీ ఆవిడ మోసమే" అన్నాడు, సిగ్గు లేకుండా.

అప్పుడు పేరిందేవి పెద్దలందర్నీ షెడ్డుకి లాక్కొచ్చింది. నూలు మూటల బండి చూపించి, "తొయ్యి గవరయ్యా" అంది. తోశాడు. ముందు మొరాయించినా, బండి మెల్లగా సాగిపోయింది.

"అది నీ బ్యాటరీ. ఒకవైపే తోస్తుంది. మన తీగల్లో కరెంటు సెకనుకి యాభైసార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఇప్పుడు అట్లా తొయ్యి."

ముందుకి తోశాడు. బండి కదిలేలోపే వెనక్కి లాగాడు. మళ్ళీ ముందుకి. వాడి చెమటకి కాలవ పొంగింది గానీ, బండి జానెడు కూడా జరగలేదు.

"నా చోకూ అంతే. కరెంటు మారినప్పుడల్లా చుట్లలో అయస్కాంతం పుట్టి, ఆ మార్పుకి ఎదురు తిరుగుతుంది. మారని కరెంటుని ఎందుకు ఆపుతుంది? ఆ అడ్డు పీకేశావు కాబట్టే నీ లైట్లు మాడాయి."

"సరేనమ్మా, కొట్టు తెరుచుకో" అని పెద్దలు నసిగారు.

"తెరుచుకోవడం నాకు తెలుసు. మోసమన్న నోటితో ముందు కాదనిపించండి."

గవరయ్య ఏదో గొణిగాడు. "వినపడలేదు" అంది. ఇంకోసారి గొణిగాడు. "వినపడలేదు." మూడోసారి, "తప్పు నాదే పేరిందేవమ్మా, నీ చోకు మంచిదే" అని అరిచాడు. ఆ అరుపు మూడూళ్ళకి వినపడింది. మాది నాలుగో ఊరు, నాకూ వినపడింది.

కథేమో కంచి చేరింది,
కన్నేమో నిద్ర కోరింది.