ఎలుగుబంటి ఎత్తుకెళ్లిన పాటరాయి

అనగనగా ఒక కొండ. ఆ కొండ మీద రాళ్లన్నీ మామూలు రాళ్లే, ఒక్కటి తప్ప. ఆ ఒక్క రాయిని గిట్టతో తడితే చాలు, కంచుగంటలా ఖంగుమనేది. అడవిలో అందరూ దాన్ని పాటరాయి అనేవారు.

కొండ కింద గుహలో గుబురయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. పుట్టలు తవ్వుకోవడం, తేనె తాగడం, ఒంటరిగా పడుకోవడం. పలకరించే దిక్కు లేదు పాపం! సాయంత్రం పూట ఆ పాట సన్నగా వినిపిస్తే చాలు, చేతిలో ఉన్న తేనెపట్టు కూడా మరచిపోయేవాడు.

"ఇది నా గుహలోనే ఉంటే ఇక నాకు దిగులెక్కడిది?" అనుకున్నాడు. ఒక ఉదయం ఎవరూ చూడకుండా వెళ్లి, రాయిని వీపున వేసుకుని తెచ్చేసుకున్నాడు.

ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని సగం దాకా బురదలో పాతి తట్టాడు. థప్ మంది. చలేస్తోందేమోనని పైకి తీసి, ఎండుటాకులు కప్పి తట్టాడు. మళ్లీ థప్. "అలిగావా తల్లీ?" అంటూ ఒడిలో పెట్టుకుని, గుండెకు హత్తుకుని గోటితో తట్టాడు. భల్లూకపు పట్టు మామూలుదా! రాయి కిక్కురుమనలేదు. గుబురయ్యకు ఏడుపొచ్చింది.

సాయంత్రమైంది. గుహ ముందు ఎవరో రొప్పుతున్నారు. చూస్తే రేగమ్మ అనే మేక. ఎలుగుబంటి గుమ్మానికి మేక రావడమా! బిడ్డ కోసం తల్లి ఎక్కడికైనా వస్తుంది మరి.

"మామా, పాటరాయిని చూశావా? నా బిడ్డ చిటికె పుట్టుగుడ్డి. రోజూ నేను రాయి మీద గిట్ట కొడితే, ఆ చప్పుడు వింటూ మేత నుంచి ఇల్లు చేరుతుంది. ఇవాళ రాయి లేదు, బిడ్డా రాలేదు. అటుపక్క లోయ ఉంది మామా! ఈ గాలికి నా అరుపు దానికి చేరడం లేదు."

గుబురయ్య తల వాలిపోయింది. తనకు తోడు అనుకున్న పాట ఇంకొకరికి దారి అని అతనికి తోచనే లేదు. "నేనే తెచ్చానమ్మా. కానీ ఇది మూగబోయింది" అన్నాడు.

"ముందు దాని చోటికి తీసుకురా మామా, నీకు పుణ్యముంటుంది!"

గుబురయ్య ఆయాసపడుతూ కొండెక్కాడు. పాత చోట, రాయి కింద ఉండే మూడు గులకరాళ్లు అలాగే ఉన్నాయి. పాటరాయిని వాటి మీద పెట్టి, దొర్లిపోతుందేమోనని రెండు చేతులా పట్టుకున్నాడు. రేగమ్మ గిట్ట కొట్టింది. థప్.

"చేతులు తియ్యి మామా. ఆ మూడింటి మీద ఊరికే ఆనుకుని ఉంటేనే అది పలికేది."

గుబురయ్యకు మనసొప్పలేదు. అయినా మెల్లమెల్లగా వదిలాడు.

ఖంగ్!

అల్లంత దూరాన, లోయ అంచున, ఒక తెల్లటి చుక్క ఆగింది. చెవులు రిక్కించింది. వెనక్కి తిరిగింది. గుబురయ్య అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలాడు.

చిటికె వచ్చి తల్లి పొదుగులో తల దూర్చింది. గుబురయ్య చడీచప్పుడు లేకుండా వెళ్లిపోబోయాడు.

"మామా, నా గిట్టలు అరిగిపోయాయి. రేపటి నుంచి నువ్వొచ్చి కొట్టకూడదూ?" అంది రేగమ్మ. అది అబద్ధమే, కానీ తేనె కంటే తియ్యటి అబద్ధం.

మర్నాడు సాయంత్రం గుబురయ్యే రాయిని తట్టాడు. చిటికె గంతులేస్తూ వచ్చి, అతని బొచ్చు పొట్టకు ఆనుకుని నిలబడింది. గుబురయ్య చేతులు చాచాడు. కానీ ఈసారి గట్టిగా పట్టుకోలేదు.

పిల్లలూ, ప్రేమ ఉన్నచోట పట్టు కాస్త వదులుగా ఉండాలి. ఒడిసిపడితే పాడే రాయి కూడా మూగబోతుంది.