ఒంటి గాజు నెమలి

వకుళ గారిని ఏ ప్రశ్నయినా అడగవచ్చు. జవాబు మాత్రం ఆవిడ నోటివెంట వెంటనే రాదు. అనకాపల్లిలో ఆడపిల్లల కాలేజీలో గణాంకశాస్త్రం చెప్పే మనిషి. సెలవు రోజుల్లో 'ద్వీపమాల' అనే ఆన్‌లైన్ ఆటలో ఒక దండును నడుపుతుంది. ఏలూరు, బొబ్బిలి, పాల్వంచ, ఎక్కడెక్కడివాళ్ళో ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆ దండులో ఆడతారు. అందరికీ ఆవిడ పెద్దమ్మ. పెద్దమ్మ వాదించదు. అడిగినవాణ్ణి ఏదో ఒక పనికి పురమాయిస్తుంది. జవాబు ఆ పనిలోనే ఎక్కడో తగులుతుంది. తగలనివాళ్ళు మళ్ళీ అడుగుతారు, ఆవిడ మళ్ళీ పని చెబుతుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం కౌండిన్య అడిగిన ప్రశ్న ఇది: "పెద్దమ్మా, నా వస్తువు నేను పగలగొట్టుకుంటే తప్పేముంది? అందులోనూ తెరమీది బొమ్మ. ఎవరికి నష్టం?"

కౌండిన్యది ఏలూరు. మందుల పంపిణీ కంపెనీలో పని. ఆటలోని సంతలో బేరాలన్నీ పెద్దమ్మ దగ్గరే నేర్చుకున్నాడు. ఊరికే అడిగే రకం కాదు, అవసరం పడే అడిగాడు. ఈ ఋతువు మొదట్లో వాళ్ళ దండు కోట పోగొట్టుకుంది. ఆ ఆటలో కోట లేని దండు ఋతువు మారేదాకా మాత్రమే బతుకుతుంది, ఆ తరువాత దాని పేరు చెరిగిపోతుంది, మనుషులు తలోదారి పడతారు. ఋతువు ఆ సాయంత్రమే మారుతుంది. అప్పటికే సగంమంది వేరే దండుల్లో చేరిపోయారు. మిగిలినవాళ్ళు కౌండిన్య వైపు చూస్తున్నారు. ఎందుకంటే కోట ఇప్పుడు రాయుడనే ఒక పెద్ద సేకర్త చేతిలో ఉంది. ఆయన అందరిముందూ ఒక మాట అన్నాడు: నిజమైన గాజు నెమలి, ఒక్కటంటే ఒక్కటే మిగిలినదాన్ని తెచ్చివ్వండి, కోట ఇచ్చేస్తాను. రెండున్నాయంటే నాకక్కరలేదు.

గాజు నెమళ్ళు ఆట మొదలైన కొత్తలో ఒక వానల పండక్కి కొద్దిమందికి పంచినవి. కొన్ని పగిలాయి, కొన్ని వాటి యజమానులతోపాటే కనబడకుండా పోయాయి. ఆ తరువాత ఆటలో ఏదో లోపం దొర్లి నకళ్ళు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. లోపాన్ని సరిచేశారుగాని, పుట్టిన నకళ్ళు సంతలో అలాగే ఉండిపోయాయి. కంటికి అసలూ నకలూ ఒక్కటే. తేడా ఒక్కచోటే తెలుస్తుంది. రెండు అసలు నెమళ్ళను పక్కపక్కన నిలబెడితే రెండూ ఒక్కసారే పురి విప్పుతాయి. పక్కన నకలుంటే అసలుది కూడా గూట్లో పడుకున్న కోడిలా కదలదు. సంతలో ఎవరు నెమలిని కొన్నా జత పెట్టి చూసే కొనేవాళ్ళు. చాలాకాలంగా ఏ రెండూ పురి విప్పలేదు. అసలువి ఇక లేవనే అందరూ అనుకున్నారు. కౌండిన్య దగ్గర ఒకటుంది, ఎప్పుడో ఆశపడి కొన్నది. అది అసలో నకలో అతనికే తెలియదు.

తెలిసింది ఆ రోజు పొద్దున. రేవు దగ్గర ఝాన్సీ అనే ఆవిడ కనిపించింది. ఖమ్మంలో నర్సు. ఆట కొత్తలో ఆడి మానేసి, ఇన్నేళ్ళకు మళ్ళీ వచ్చింది. అవతలి ద్వీపంలో తను మొదట కట్టుకున్న గుడిసె ఉందో లేదో చూడాలని వచ్చిందట. తీరా చూస్తే వంతెన తీసేశారు. పడవ కావాలి, కొనడానికి సంచిలో ఏమీ లేదు, ఒక్క గాజు నెమలి తప్ప. దాని సంగతి ఆమెకు తెలియదు. దీనికి పడవ ఇస్తారా అని వచ్చేపోయేవాళ్ళను అడుగుతోంది. నకలే అనుకుని అందరూ నవ్వి వెళ్ళిపోతున్నారు. కౌండిన్య మాత్రం ఆగాడు. తన నెమలిని తీసి ఆమె నెమలి పక్కన పెట్టాడు. రెండూ పురి విప్పాయి. రేవు రాళ్ళమీద నీలం, ఆకుపచ్చ వెలుగులు పరుచుకున్నాయి. ఏలూరులో మేడమీది గదిలో కౌండిన్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఖమ్మంలో ఆవిడ "భలే ఉన్నాయండీ" అని నవ్వింది.

వాళ్ళ దండులో పెద్దమ్మ పెట్టిన ఆచారం ఒకటుంది. కొనేవాడు ఎందుకు కొంటున్నాడో అమ్మేవాళ్ళకు చెప్పి తీరాలి. కౌండిన్య చెప్పాడు. నా దగ్గర ఒకటుంది కదండీ, జతగా ఉంచుదామని, అన్నాడు. ఆవిడ మారుబేరమాడలేదు. జత కలుస్తుందంటే అదే మంచిది అని నెమలిని ఇచ్చేసి పడవ తీసుకుంది. అతని దగ్గరున్న పడవల్లో అన్నిటికన్నా పాతది అది.

ఇదీ ప్రశ్న వెనకున్న సంగతి. పెద్దమ్మ అంతా విన్నది. ఎందుకు కొంటున్నానని చెప్పావు ఆవిడకు, అని ఒక్క మాటే అడిగింది. అతను చెప్పాడు. అప్పుడు ఆవిడ అంది: "సరే, పగలగొట్టు. అయితే సంత మైదానంలో, రాయుడు గారి ఎదురుగా చెయ్యి. ఆ నెమలి ఎవరిదో ఆవిణ్ణి కూడా పిలు."

మైదానానికి వెళ్ళాడుగాని ఝాన్సీని పిలవలేదు. పిలిస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. కోట వచ్చాక నిదానంగా చెప్పుకోవచ్చు, కావాలంటే కొత్త పడవ ఇవ్వచ్చు అని సర్దిచెప్పుకున్నాడు. దండంతా అక్కడికి చేరింది. వేరే దండులవాళ్ళూ మూగారు. రాయుడు తన కోట తాళాన్ని అందరికీ కనబడేలా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. రెండు నెమళ్ళనూ జత పెట్టి చూపిద్దామా అని కౌండిన్యకు ఒక క్షణం తోచింది. పురి విప్పితే గోల లేస్తుంది, గోల రేవుదాకా పోతుంది, ఆవిడ వస్తుంది. ఆలోచన మానుకున్నాడు. ఝాన్సీ ఇచ్చిన నెమలిని తీసి రాతి అరుగుమీద పెట్టి సుత్తి వేశాడు. గాజు ముక్కలు చెదిరి, మెరిసి, మాయమయ్యాయి. దండువాళ్ళు ఈలలు వేశారు. ఆకివీడు సత్తిరాజు, నోరు ఊరుకోని మనిషి, కోటలో నా గది మట్టుకు ఎవరికీ ఇవ్వకండర్రా అని అరిచాడు.

రాయుడు తాళం ఇవ్వలేదు. కౌండిన్య ఇప్పుడు అరుగుమీద పెట్టిన రెండో నెమలి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, మర్యాదగానే అడిగాడు. "ఒక్కటే మిగిలిందన్నారు, బాగుంది. ఇది అసలుదని తెలియాలంటే పక్కన ఇంకోటి పెట్టాలి కదా బాబూ. ఇంకోటేదీ?"

ఇన్నాళ్ళూ ఆ షరతు విన్నవాళ్ళెవరికీ ఇది తట్టలేదు. కౌండిన్యకూ తట్టలేదు. పొద్దున జత పెట్టి చూశానండీ, రెండూ పురి విప్పాయి అని చెప్పాడు. రాయుడు కాదనలేదు. మీరు చూసే ఉంటారు, కోట కావలసినవారు కూడా మీరే కదా అన్నాడు. అప్పుడే తెరను ఫొటో తీసి ఉంచితే బాగుండేదని ఎవరో అన్నారు. నకళ్ళు అమ్మినవాళ్ళంతా ఫొటోలు చూపించే అమ్మారని వెనకనుంచి ఇంకెవరో అందుకున్నారు. పగిలింది నకలేమో, అసలు రెండోది సంచిలో దాచుకున్నాడేమో అని వేరే దండువాడొకడు పుల్ల వేశాడు. సత్తిరాజు వాడిమీదికి లేవబోయాడు. కౌండిన్య పెద్దమ్మను పిలిచాడు, మీరైనా చెప్పండి అని. నేను రేవు దగ్గర లేను అబ్బాయ్, చూడనిదాన్ని చూశానని ఎలా చెప్పను, అంది ఆవిడ. తెర పైమూలన, ఋతువెంత మిగిలిందో చూపే సూర్యుడు ఎర్రబడుతున్నాడు. దండువాళ్ళలో ఒకరిద్దరు మాట్లాడకుండా మైదానం దాటి వెళ్ళిపోవడం కౌండిన్య చూశాడు.

అప్పుడు వచ్చింది ఝాన్సీ. పెద్దమ్మ కబురు పెట్టిందట. పడవను మైదానం పక్కనున్న కాలవలో ఆపి, మెట్లెక్కి వచ్చి, పొద్దున పడవకు బదులు నెమలినిచ్చింది తనేనని చెప్పి, ఏమయిందని అడిగింది. రాయుడే చెప్పాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు: మీ నెమలిని ఈ అబ్బాయి పగలగొట్టాడు, తనది ఒక్కటే మిగలాలని. అది అసలుదని తేలితే నేను కోట ఇస్తాను. మీరు దానికి పుచ్చుకున్నది ఆ పడవేనా?

"దానికి చిల్లు కూడా ఉందండోయ్" అన్నాడెవడో. ఎవరూ నవ్వలేదు.

ఝాన్సీ అరుగు దగ్గరికి వెళ్ళి మిగిలిన నెమలిని చూస్తూ నిలబడింది. అంతసేపూ కౌండిన్య ఒక్కటే లెక్క వేస్తున్నాడు. చూడలేదు అని ఆవిడ ఒక్క మాటంటే చాలు. అనడానికి ఆవిడకు హక్కుంది. అంటే కోట పోతుంది, దండు పోతుంది, మొన్నమొన్నటిదాకా రోజూ పలకరించుకున్న మనుషులు రేపటినుంచి ఒకరికొకరు దొరకరు. దానికి కారణం తనే అవుతాడు. బతిమాలదామంటే ఏమని బతిమాలాలో తెలియలేదు. ఈసారి ఎందుకని చెప్పాలి?

రాయుడు ఆమెను అడిగాడు, ఈ కోటలో మీకు వాటా ఏమన్నా ఉందా అమ్మా అని. లేదంది. ఈ అబ్బాయి మీకేమైనా అవుతాడా? కాడంది.

"విప్పాయండీ" అంది ఝాన్సీ. "రెండూ ఒక్కసారే పురి విప్పాయి. నేను చూశాను." అని కౌండిన్య వైపు తిరిగి, "జతకని చెప్పారు మీరు" అంది. గొంతు పెంచలేదు.

పోనీ ఆ నెమలి బదులు కొత్త పడవ ఇప్పిస్తాం, అది వదిలెయ్యండి అని దండులో ఎవరో కలగజేసుకున్నారు. అక్కర్లేదు, పడవ నేను అడిగి తీసుకున్నదే, నాకు అవతలికి పోవాలి, అందామె. మెట్లు దిగి పడవెక్కింది. చిల్లులోంచి వచ్చిన నీళ్ళను ఒక చేత్తో తోడుతూ, ఒక చేత్తో తెడ్డు వేస్తూ కాలవ మలుపు తిరిగింది.

రాయుడు ఇక ఏమీ అడగలేదు. తాళాన్ని కౌండిన్య చేతిలో పెట్టి, నెమలిని తీసుకుని వెళ్ళిపోయాడు. ఋతువు మారింది. దండు పేరు చెరగలేదు. వాళ్ళంతా కోటమీదికెక్కి దివిటీలు వెలిగిస్తుంటే కౌండిన్య మైదానంలోనే ఉండిపోయాడు. పెద్దమ్మ కూడా వెళ్ళలేదు. ఆవిడ తిడుతుందేమోనని ఎదురుచూశాడు. తిడితే బాగుండునని కూడా అనిపించింది.

చివరికి తనే కదిపాడు. మధ్యాహ్నం నేనడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేదు మీరు, అన్నాడు.

"రాయుడు గారు ఏం కొన్నారో చూశావా?" అంది పెద్దమ్మ.

నెమలిని, అన్నాడు కౌండిన్య.

"నెమలే అయితే, ఆవిడ రాకముందే కొనేవారు."