పన్నెండు పేర్లు కొట్టేసిన హెడ్మాస్టరు

ఇప్పలకోన అనే అడవిలో జింకలు, కోతులు, కుందేళ్లు, ఉడుతలు ఉండేవి. కొండకు అవతల ఊటలు ఎండిపోవడంతో ముళ్లపందులు, గుడ్లగూబలు, ఒంటినిండా పెంకులుండే అలుగులు కూడా ఈ అడవికే వచ్చి కాపురం పెట్టాయి. అందరి పిల్లలకూ ఒకటే బడి. ఆ బడికి హెడ్మాస్టరు పింఛయ్య అనే నెమలి. లెక్కలు చెప్పే టీచరు తేనెమ్మ అనే ఎలుగుబంటి.

ఆ ఏడాది ముప్పై రెండు మంది పిల్లల్లో పద్నాలుగు మందే పాసయ్యారు. వచ్చే ఏడు సగం మందైనా పాసు కాకపోతే బడి మూసేస్తానని మృగరాజు కబురు పంపాడు.

పింఛయ్య మార్కుల పట్టీ ముందు పెట్టుకుని జాతుల వారీగా లెక్క తీశాడు. పాతవాళ్ల పిల్లలు ఇరవై మందిలో పదమూడు మంది పాసయ్యారు. కొత్తగా వచ్చిన పన్నెండు మందిలో ఒక్కరే పాసయ్యారు.

"చూశారా టీచరుగారూ, వాళ్ల జాతికి చదువు అబ్బదు. క్లాసులో కునికిపాట్లు పడటం తప్ప వాళ్లు చేసేదేముంది?" అన్నాడు పింఛయ్య.

కునికిపాట్ల మాట నిజమే. చుక్కి అనే ముళ్లపంది పిల్లను ఏడూ ఐదూ ఎంత అని అడిగితే జవాబుకు బదులు గురక వినిపించేది. అయినా హెడ్మాస్టరు మాట తేనెమ్మ మనసుకు ఎక్కలేదు.

ఒకనాడు పొద్దుగూకే వేళ తేనెమ్మ చెదపురుగులు తిందామని పుట్ట దగ్గరకు వెళ్లింది. అక్కడ చుక్కి తన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ దుంపలు పంచుతోంది. కళ్లు చురుగ్గా మెరుస్తున్నాయి.

"ఇరవై మూడు దుంపలు. మనం ఐదుగురం. తలా నాలుగు. మిగిలిన మూడూ అమ్మమ్మకి" అంది చుక్కి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

తేనెమ్మ నోట్లో చెదపురుగులు నోట్లోనే ఉండిపోయాయి. ఈ పిల్లలు రాత్రిళ్లు మేలుకుని పగలు నిద్రపోయే జాతులవాళ్లు. ఆ సంగతి అడవిలో అందరికీ తెలుసు. బడి వేళలు పెట్టేటప్పుడు మాత్రం ఎవరికీ తోచలేదు. తనకూ తోచనందుకు ఆమెకు సిగ్గేసింది.

మర్నాడే ఆమె పింఛయ్య దగ్గరకు వెళ్లి, ఈ పన్నెండు మందికి సాయంత్రం పాఠాలు పెడదామని అడిగింది. నిన్న కాక మొన్న వచ్చినవాళ్ల కోసం బడి గంట మార్చేది లేదన్నాడు పింఛయ్య. అంతటితో ఊరుకోలేదు. హాజరు పట్టీ తీసి పన్నెండు పేర్లూ కొట్టేశాడు.

"ఇప్పుడు ఇరవైకి పదమూడు. సగం దాటిపోయాం" అని తోక విప్పుకుని బడి చుట్టూ తిరిగాడు. మీరు పాసయ్యే జాతులవాళ్లని మిగిలిన పిల్లలకు రోజూ చెప్పసాగాడు. అది విని వాళ్లు చదువు తగ్గించి ఆటల్లో పడ్డారు. తేనెమ్మ ఎంత చెప్పినా వినలేదు.

చుక్కి తల్లి కళ్లనీళ్లతో వచ్చి, తమ పిల్లలకు ఇక బడి లేదా అని అడిగింది.

"ఎందుకు లేదమ్మా? పొద్దుగూకగానే పుట్ట దగ్గరకు పంపించు" అంది తేనెమ్మ.

ఆ సాయంత్రం నుంచి పుట్ట దగ్గర ఒకటే సందడి. అలుగు పిల్ల వీపు మీది పెంకుల వరసలు చూసి అందరూ ఎక్కాలు నేర్చుకున్నారు. నాలుగో ఎక్కం సగానికి వచ్చేసరికి అలుగు పిల్లకు చక్కిలిగింత పుట్టి బంతిలా చుట్టుకుపోయేది. అది విప్పుకునేదాకా గుడ్లగూబ పిల్లలు పాట పాడేవారు. రెండు పూటలా పాఠాలు చెప్పి తేనెమ్మ అలిసిపోయేది. పగటి క్లాసులో ఇప్పుడు ఆమే కునుకు తీస్తోందని కుందేలు పిల్లలు నవ్వుకునేవారు.

పరీక్ష రోజు వచ్చింది. మృగరాజు పంపిన ఇన్‌స్పెక్టరు ఏనుగు పొద్దున్నే దిగాడు. చేరినప్పటి రిజిస్టరు కూడా వెంట తెచ్చుకున్నాడు.

"ఇందులో ముప్పై రెండు పేర్లున్నాయి. ఇక్కడ ఇరవై మందే ఉన్నారేం?" అని అడిగాడు ఏనుగు.

"పన్నెండు మంది బడి మానేశారండీ" అన్నాడు పింఛయ్య.

"మానేశారా, మాన్పించారా?"

పింఛయ్య తోక ముడుచుకున్నాడు. పరీక్షకు రానివాళ్లు ఫెయిలైనట్టే లెక్క అని ఏనుగు తేల్చి చెప్పాడు. వచ్చిన ఇరవై మందిలో పన్నెండు మందే పాసయ్యారు. ముప్పై రెండుకు పన్నెండు. బడి మూసెయ్యమని రాయడానికి ఏనుగు తొండంతో కలం అందుకున్నాడు.

తేనెమ్మ ముందుకొచ్చింది. "అయ్యా, ఆ పన్నెండు మందీ వస్తారు. పొద్దు గూకేదాకా ఆగండి" అని చేతులు జోడించింది. ఏనుగు కలం పక్కన పెట్టి కూర్చున్నాడు.

పొద్దు గూకింది. పన్నెండు మందీ వరసగా వచ్చారు. ఏనుగు ఎటు తిప్పి అడిగినా టకటకా జవాబులు చెప్పారు. పదకొండు మంది పాసయ్యారు. మొత్తం ఇరవై మూడు. బడి నిలిచింది.

పిల్లలంతా కేరింతలు కొట్టారు. కోతి పిల్లలు అలుగు పిల్లలను భుజాలకెత్తుకున్నారు. ముళ్లకు భయపడి చుక్కిని మాత్రం ఎవరూ ఎత్తుకోలేదు. అందరూ చేతులు పట్టుకుని దాని చుట్టూ గంతులేశారు. ఒక్క మార్కుతో తప్పిన గుడ్లగూబ పిల్లకు తాను లెక్కలు నేర్పుతానని చుక్కి మాటిచ్చింది.

మృగరాజు తేనెమ్మను హెడ్మాస్టరుగా వేశాడు. పింఛయ్య ఆ పదవి పోగొట్టుకుని, పొద్దునా సాయంత్రం బడి గంట కొట్టే పనిలో చేరాడు. మొదట్లో తల దించుకునే కొట్టేవాడు. తర్వాత తర్వాత సాయంత్రం పిల్లలు పట్టుబడితే వాళ్లకు నాట్యం కూడా నేర్పాడు. రెండు పూటలా నడిచే బడి అని పేరు రావడంతో, మరుసటి ఏడు పక్క అడవుల నుంచి కూడా పిల్లలు వచ్చి చేరారు.

నీతి: చదువులో వెనకబడిన పిల్లల జాతిని నిందించకూడదు, కారణం తెలుసుకుని దారి చూపాలి.