మాట్లాడని ఫ్యాక్టరీ

పలాస పక్కన ఒక ఊళ్లో, కోపం వస్తే ఎదుటివాళ్ల మాట వినే ఓపికలేని పోలినాయుడు అనే జీడిపప్పు ఫ్యాక్టరీ యజమాని ఉండేవాడు.

ఒకరోజు ఉదయం, పప్పు ఒలిచే గున్నమ్మ కొంగులో జీడిపప్పులు అతని కంటబడ్డాయి. ఫ్యాక్టరీ పెట్టినప్పటినుంచీ ఆమె అక్కడే పనిచేస్తోంది.

"దొంగతనమా? లే, నడు! రేపటినుంచి గేటు దగ్గర కూడా కనబడకు," అన్నాడు.

"బాబూ, నేను చెప్పేది..."

"నడవమన్నానా!"

గున్నమ్మ కొంగు దులిపి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

మర్నాటినుంచి ఫ్యాక్టరీ మారిపోయింది. అంతకుముందు ఆడవాళ్లు పాటలు పాడుకుంటూ, ఒకళ్లనొకళ్లు ఆటపట్టించుకుంటూ పనిచేసేవారు. ఇప్పుడు జీడిపిక్కలు పగిలే టక్ టక్ చప్పుడు తప్ప ఒక్క మాట లేదు. పోలినాయుడు గుమ్మంలో అడుగుపెట్టగానే ఆ చప్పుడు కూడా ఆగిపోయేది. తలలన్నీ ఒక్కసారే వంగేవి. గున్నమ్మ కూర్చునే పీట దగ్గరికి ఎవరూ వెళ్లేవారు కాదు.

"ఏమైందర్రా మీకు?" అని అడిగితే ఎవరూ పలకలేదు.

ఒక మధ్యాహ్నం అతను ఆఫీసు గదిలోంచి బయటికి వస్తే మనిషి అలికిడి లేదు. పీటలన్నీ ఖాళీ. సగం ఒలిచిన పప్పు పళ్లేల్లో అలాగే ఉంది. గుమ్మం దగ్గర చెప్పులు కూడా లేవు. తెల్లటి ఆవిరి నేలమీద పాకుతూ వచ్చి అతని కాళ్లను చుట్టుకుంది. గోడ అవతల ఏదో సన్నగా ఈల వేస్తోంది.

"ఎవరక్కడ?" అని అరిచాడు.

ఈల ఇంకా పెద్దదైంది. అంతలో ఆవిరిలోంచి ఒక చెయ్యి వచ్చి అతని మణికట్టు పట్టుకుని బయటికి లాగింది. అది అక్కడ పప్పు ఒలిచే దాలమ్మ అనే అమ్మాయి చెయ్యి. ఇద్దరూ గేటు దాటారో లేదో, వెనక జీడిపిక్కలు ఉడికించే బాయిలర్ పేలి గోడ కూలిపోయింది.

మిగతా ఆడవాళ్లంతా రోడ్డు మీద నిలబడి ఉన్నారు.

"బాయిలర్ అలా ఉందని ముందే ఎందుకు చెప్పలేదు?" పోలినాయుడు అడిగాడు.

"పొద్దుటినుంచీ అదో రకంగా మోగుతోంది బాబూ. చెబితే మేమే పాడుచేశామంటారని భయమేసింది. గున్నమ్మక్క మాట విన్నారా, మా మాట వినడానికి?" అంది దాలమ్మ. "తీరా బయటికొచ్చాక మీరు కనబడలేదు. వదిలెయ్యడానికి ప్రాణం ఒప్పలేదు."

ఆ సాయంత్రమే అతను ఫ్యాక్టరీలో పని చూసే మేస్త్రి లోకనాథాన్ని వెంటబెట్టుకుని గున్నమ్మ ఇంటికి వెళ్లాడు.

"ఆ పప్పుల సంగతి ఇప్పుడు చెప్పమ్మా, వింటాను."

"పురుగు పట్టినవి బాబూ. మేస్త్రి పారబొయ్యమంటే ఏరి కొంగులో వేసుకున్నాను."

లోకనాథం తల దించుకున్నాడు. "నిజమేనండి. మీ కోపం చూసి నోరు మెదపలేకపోయాను."

పోలినాయుడు తప్పయిందని, పనిలోకి రమ్మని అడిగాడు. గున్నమ్మ వెంటనే ఒప్పుకోలేదు.

"ఎవరిని తీసెయ్యాలన్నా ఏం తప్పు చేశారో ముందు చెప్పండి. మా మాట వినండి. మాలో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని విచారించండి. అలాగని అందరి ముందూ మాటిస్తే వస్తాను," అంది.

మర్నాడు అందరి ముందూ అతను మాటిచ్చాడు. గోడ తొందరగానే లేచింది. ఆడవాళ్ల భయం పోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

నీతి: పనిలోంచి తీసే ముందు తన మాట చెప్పుకోవడం పనిచేసే ప్రతి మనిషి హక్కు, ఒకరికి ఆ హక్కు లేకుండా చేసినవాడు అందరి నోళ్లూ మూయిస్తాడు, ఆ కీడు చివరికి తన మీదికే వస్తుంది.